‘తళుకు’ కవర్ మీది పిల్ల

మా చిన్నప్పుడు... పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చెప్పుల షాపు పైన కంప్యూటర్ డిజైనింగ్ నేర్పేవారు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాల్సినంత ఇరుకు మెట్లు. ఏసీ ఉండేది... మా కోసం కాదు, కంప్యూటర్ల కోసం. ఆ సంగతి సార్ రోజూ గుర్తుచేసేవారు.

కోర్సు చివర ఒక ప్రాజెక్టు ఇచ్చారు. టీనేజ్ అమ్మాయిల ఫ్యాషన్ పత్రికకు కవర్ తయారుచేయాలి. నాకు జోడీ హారిక. గుంటూరు వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబం వాళ్లది. పత్రికకు ‘తళుకు’ అని పేరు పెట్టాం. లోపల ఒక్క పేజీ లేదు గానీ, కవర్ మీద మాత్రం “మీ బెస్ట్ ఫ్రెండ్ మీ డ్రెస్ కొట్టేసిందా?” లాంటి హెడ్డింగులు బోలెడు. అవి రాసుకుంటూ పడీ పడీ నవ్వాం.

“ఫోటోకి నువ్వే నిలబడవే. నీ కళ్లు భలే ఉంటాయి” అంది హారిక. వాళ్ల డాబా మీద, వాళ్ల అన్నయ్య కెమెరాతో తనే తీసింది.

డ్రెస్ మాత్రం మాది. మాది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. తాత మగ్గం నేస్తే, నాన్న ఎల్బీనగర్‌లో చిన్న బట్టల కొట్టు పెట్టాడు. ఆ కొట్లోని ఎర్ర ఇక్కత్ బట్టతో అమ్మ కుట్టించిన డ్రెస్ అది. నేను చామనఛాయ కన్నా ఒక పిసరు ఎక్కువే నలుపు. ఎరుపు నాకు నప్పుతుందని అప్పటిదాకా అందరూ అనేవారు...

సార్ కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చున్నారు. “ముందుగాల స్కిన్ క్లీన్ చెయ్యాలె” అంటూ మౌస్ అందుకున్నారు. నా గడ్డం మీది దెబ్బ మచ్చ మాయమైంది. మెడ కింది నలుపు మాయమైంది. ఆ తర్వాత ఏం చేశారో గానీ, ముఖమంతా మీగడ రంగుకు తిరిగింది. క్లాసంతా చప్పట్లు.

“సార్, తను ఇలా ఉండదండీ” అంది హారిక ఒక్కతే.

“గిట్ల ఎవలుంటరమ్మా? కవర్ మీద ఉండాలె, గంతే” అని నవ్వారు సార్.

నాకు నచ్చింది... అబద్ధం ఎందుకు, చాలా నచ్చింది.

నిగనిగలాడే కాగితం మీద ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. నాన్న దాన్ని ఎండలోకి తీసుకెళ్లి, డ్రెస్ పక్కన పెట్టి చూశాడు. బట్టల వ్యాపారం చేసేవాళ్లకు ట్యూబ్‌లైటు వెలుతురు మీద నమ్మకం ఉండదు.

“ఎరుపు తేడా కొడుతున్నది బిడ్డా. జర ముదురుండాలె. మీ సార్‌కు చెప్పు” అన్నాడు.

నిజమే, వెంట్రుకవాసి తేడా ఉంది. అది పట్టేసిన మనిషి నా ముఖం గురించి ఒక్క మాట అనలేదు. అమ్మ ఆ ప్రింటును బీరువా తలుపుకు అతికించింది.

కొన్నాళ్లకు ఊరి నుంచి పెద్దమ్మ వచ్చింది. బీరువా ముందు నిలబడి, “గీ పిల్ల ఎవలే? బొమ్మ లెక్కున్నది” అంది.

“మన సరితనే అక్కా” అంది అమ్మ, గొప్పగా.

పెద్దమ్మ కాగితాన్ని చూసింది. నన్ను చూసింది. మళ్లీ కాగితాన్ని చూసింది. “అగో... గట్లనా” అంది. ఆ చూపు అమ్మ కూడా చూసింది. వెళ్లేముందు ఇద్దరూ వంటింట్లో ఏదో గుసగుసలాడుకున్నారు.

మర్నాడు అమ్మ మెడికల్ షాపు నుంచి ఒక చిన్న ట్యూబు తెచ్చింది. “పెద్దమ్మ కోడలు రాసుకున్నదట. ఫోటోల ఉన్నట్టే అయితవట” అంటూ తనే నా ముఖానికి రాసింది. ఆ వేళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో!

మొదట్లో నిజంగానే తెల్లబడ్డాను. చుట్టాలంతా మెచ్చుకున్నారు. అమ్మ ఇంకొంచెం ఎక్కువ రాయసాగింది... తర్వాత ఎండ తగిలితే ముఖం మండేది. ఒక్క రోజు రాయకపోతే బుగ్గలు ఎర్రగా ఉబ్బేవి. అందుకని మళ్లీ రాసేవాళ్లం. చర్మం ఉల్లిపొరలా పల్చబడి, లోపలి నరాలు కనిపించసాగాయి. ఇంటర్ క్లాసులకు చున్నీ చుట్టుకుని వెళ్లేదాన్ని. అద్దం చూడాలంటే భయం. బీరువా తెరవాలంటే ఇంకా భయం... అక్కడ ఆ పిల్ల ఏ బాధా లేకుండా నవ్వుతూ ఉండేది.

చివరికి దవాఖానకు వెళ్లాం. చర్మం డాక్టరమ్మ ట్యూబు చూసి అమ్మ మీద గయ్యిమన్నారు. “ఇది స్టెరాయిడ్ మందు! రోజూ ముఖానికి పూసేదా? ఎవరిచ్చారమ్మా మీకు?”

అమ్మ సంచిలోంచి ఆ కవర్ తీసి బల్ల మీద పరిచింది.

“మా పిల్ల గిట్లుండె మేడం... మళ్ల గిట్ల జేసియ్యుండ్రి” అని ఏడ్చింది.

డాక్టరమ్మ నా వైపు చూశారు. అది నేను కాదని చెప్పబోయి అమ్మ వైపు చూశాను. అమ్మ అబద్ధమాడటం లేదు. నిజంగానే నేను అలా ఉండేదాన్నని నమ్ముతోంది. నన్ను కన్న అమ్మకు నా ముఖం గుర్తు లేదు! ముఖం మంట కొన్ని నెలలకు తగ్గింది గానీ, ఆ రోజు పుట్టిన వణుకు ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు సార్లు, కోర్సులు ఏమీ అక్కర్లేదు. ఫోన్ అడక్కుండానే అందరికీ మీగడ రంగు పూస్తోంది. నిన్న మా పాప నన్ను ఫోటో తీసి, “అమ్మా, ఎంత మంచిగున్నవో!” అని మురిసిపోయింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను... అది ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

మీ ఇంట్లో వాళ్లను కళ్లు మూసుకోమని, మీ ముఖం ఎలా ఉంటుందో చెప్పమనండి... ఏమన్నారో కింద రాయండి. మా పాపను అడగడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు.