శాంతయ్య ఫోటో బ్లాకు

1955 వేసవిలో కర్నూలులోని మా వారపత్రిక ప్రెస్సుకు ఒక ఫోటో బ్లాకు వచ్చింది. లోహపు రేకు మీద బొమ్మ దించి చెక్కదిమ్మకు బిగించిన పాత బ్లాకు. పిడికిళ్లు బిగించి, రెండు కళ్లతో నిప్పులు కురిపిస్తున్న ముప్పయ్యేళ్ల బాక్సరు. బాక్సింగు కంపెనీ యజమాని ఏడెనిమిదేళ్లుగా ఏ ఊళ్లో ఆట పెట్టినా పత్రికలో అదే బొమ్మ వేయిస్తున్నాడట. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఆ బొమ్మలోని మనిషే వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. ముక్కు వంకరపోయింది, ఎడమ కన్ను తెల్లబడింది.

పేరు శాంతయ్య. రాజంపేట దగ్గర పల్లె. యుద్ధమప్పుడు కూలిపని వదిలి పట్టాళంలో చేరి బాక్సింగు నేర్చాడు. తర్వాత మద్రాసు పందేల్లో కొన్నాళ్లు గెలిచాడు. ఇప్పుడు ఊరూరా దెబ్బలు తినడమే ఉద్యోగం. ఎడమ కన్ను పోయి రెండేళ్లయింది. కుడిదీ మసకబారింది. ఇంకొక గట్టి దెబ్బ తగిలితే అదీ దక్కదని డాక్టరు చెప్పాడు.

ఆట మానేసి ఇల్లు చేరాలని ఉంది. కానీ భార్య విశ్వాసమ్మకు ఏ సంగతీ తెలియదు. చదువు రాని మనిషి. అతను పంపే పత్రిక తపాలాలో అందినప్పుడల్లా బొమ్మ చూసుకుని, మగడు క్షేమంగా ఉన్నాడని చర్చికి కోడిని కానుకగా తీసుకుపోతుంది.

"జాబు రాయించను నోరు రాలేదప్పా. ఆ బొమ్మలో ఎడమ కన్ను గీకెయ్. చూసి అదే తెలుసుకుంటాది" అన్నాడు.

"మీ యజమాని నన్ను బతకనిస్తాడా?" అని కసిరాను. అతను కదల్లేదు. విసుక్కుంటూనే ఉలి తీశాను. బ్లాకులో బొమ్మ తిరగబడి ఉంటుంది కాబట్టి ఏది ఎడమ కన్నో రెండుసార్లు చూసుకుని గీకాను. అచ్చులో అక్కడ తెల్లటి మచ్చ పడింది.

పదిరోజులకు శాంతయ్య, వాళ్ల ఊరి చర్చి పాస్టరు అయ్యగారు రాసిన జాబు పట్టుకొచ్చాడు. నేనే చదివి వినిపించాను.

"బొమ్మ అందింది. ఈసారి కంటి దగ్గర సిరా పట్టలేదు. ప్రెస్సువాళ్లను శుభ్రంగా వేయమని చెప్పు. నీ క్షేమానికి విశ్వాసమ్మ మొన్న ఆదివారం కోడిని తెచ్చిచ్చింది."

నాకు సిగ్గేసింది. మేం వేసే అచ్చు చూసినవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. సాయంత్రం ఆట ఉంది. శాంతయ్య గ్లౌజుల సంచి నా బల్ల కిందికి తోసేశాడు.

"కార్డు తియ్యప్పా."

"ఏమని రాయను?"

"వచ్చే ఆదివారం బండికి వస్తాండా, ఇంక ఆడనని రాయి. రాజంపేట టేషన్‌కొచ్చి నా చెయ్యి పట్టుకుని దించమని రాయి. నాకు మెట్లు కనపడవు."