అడగని ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడిగేవారు కాదు. మజ్జిగ లేకపోతే ఆ పూట చారన్నంతో లేచేవాళ్ళం కానీ, పక్కింటికి గిన్నె పంపేవాళ్ళం కాదు. చిత్తూరు చుట్టుపక్కల కొన్ని ఊళ్ళకు మిట్టదార్లుగా ఉండి శిస్తు వసూలు చేసిన వంశం మాది. నేను పుట్టేనాటికి మిట్టా లేదు, శిస్తూ లేదు. వీధివైపున్న గుర్రాల కొట్టాన్ని ఒక దర్జీ సాయిబుకు అద్దెకిచ్చాం. అయినా "మనది పెట్టిన చెయ్యి, చాపిన చెయ్యి కాదు" అని మా అవ్వ గుర్తు చేస్తూనే ఉండేది. ఆ ఇంటికి మిగిలిన ఒక్కగానొక్క వారసురాలినైన నేను ఆ మాటను మెడలో నగలా వేసుకుని తిరిగేదాన్ని.

మా తాత మద్రాసులో చదువుకున్న మనిషి. డెబ్బైల్లో ఒక ఎండాకాలం సెలవుల్లో నాకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాడు. నాకొక్కదానికే అనుకున్నాను. మొదటిరోజే దర్జీ కూతురు కొట్టంలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నా ఈడుదే. తాత తల ఊపగానే వచ్చి నా చాప మీదే కూర్చుంది. చాప పోతే పోనీ, ఊరంతా దొరా అని పిలిచే మనిషిని ఆ పిల్ల మర్నాటికే "తాతా" అనేసింది. ఆ పిలుపు నాది. పైగా ఆయన పలికాడు.

ఆయన మా చేత వల్లె వేయించలేదు. ఒక్క ఇంగ్లీషు మాట ఇచ్చాడు. రన్. పరుగెత్తడమని మాకిద్దరికీ తెలుసు. "అంతే అనుకోవద్దండి. తెల్లోళ్ళు ఈ ఒక్క మాటతోనే సగం సంసారం ఈదుతారు. నాకు తెలియని వాడుక ఒక్కటి, యాడ అంటారో, ఎందుకంటారో కనుక్కోని తెచ్చినోళ్ళకు ఇది," అని జేబులోంచి పెన్ను తీసి చూపించాడు. బంగారు పాళీ ఉన్న పెన్ను. మా ఇంట్లో అమ్మకుండా మిగిలిన కొద్ది వస్తువుల్లో అదొకటి. నా లెక్కన అది పందెం వస్తువు కాదు, నాకు రావలసిన ఆస్తి.

నేను తాత బీరువాలోని లావు నిఘంటువు మీద పడ్డాను. ఇన్ ది లాంగ్ రన్ అంటే కాలం గడిచేకొద్దీ అని, రన్ షార్ట్ అంటే సరుకు చాలకపోవడమని, రన్ ఇన్ ది ఫ్యామిలీ అంటే గుణం వంశంలో దిగి రావడమని ఏరి తెచ్చి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. తాత కళ్ళు మూసుకుని విని, "తెలుసు" అనేవాడు.

దర్జీ కూతురు ఊరంతా తిరిగేది. కనబడినవాళ్ళనల్లా అడిగేది. కాంపౌండరు చంటిపిల్లను చూసి రన్నింగ్ నోస్ అన్నాడని ముక్కుతో మాట్లాడి చూపించేది. టాకీసు గేటుమనిషి బొమ్మ ఇంకో వారం రన్ అవుతుందని ఎట్లా మీసం దువ్వాడో చూపించేది. తాత కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వేవాడు. "అదీ తెలుసు. కానీ బలే తెచ్చినావు మే!" అనేవాడు. ఆ 'బలే' నాకు ఒక్కసారీ రాలేదు. ఆ పిల్ల నవ్వినా నాకు మంటే, ఊరుకున్నా మంటే. రాత్రి అన్నం దగ్గర కూడా తాత ఆ మీసం సంగతి తలుచుకుని నవ్వితే, నేను మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయేదాన్ని.

బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఒక సాయంత్రం ఉండబట్టలేక అనేశాను.

"అది మనింటి పెన్ను తాతా. ఆ పిల్లకెట్లిస్తావు?"

"నువ్వు తే, నీకే ఇస్తా."

"పుస్తకంలోవన్నీ నీకు తెలుసు. ఇంక యాడ తెచ్చేది?"

"ఆ పిల్ల అడుగుతా ఉండాది గదా. నువ్వూ అడుగు."

"మనం అడగం గదా!"

 తాత లేచి, పెళ్ళిళ్ళకు మాత్రమే వేసుకునే పొడుగు కోటు తొడుక్కున్నాడు. తలపాగా చుట్టుకున్నాడు. చేతికర్ర తీసుకుని, "రా" అన్నాడు.

బస్టాండుకు తీసుకుపోయాడు. పలమనేరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన్ను చూసి కండక్టరు మెట్టు మీదినుంచి దూకాడు. "ఏం దొరా, ఈడికొచ్చినారు? కబురంపితే నేనే వద్దును గదా!" అన్నాడు. తాత కర్రను నేలకు ఆనించి, తల ఎత్తి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు అన్నాడు. "మీ పనిలో రన్ అనే మాట ఎట్ల వాడతారప్పా? నాకు తెలీదు. చెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. తెలీదు అనే మాట ఆయన నోట నేను అంతవరకూ వినలేదు. కండక్టరు బుర్ర గోక్కున్నాడు. "రన్నింగ్ టైమ్ అంటాము దొరా. ఈడ బయల్దేరి ఆడ చేరేదానికి పట్టే టైము. కానీ మా బండికి మొగిలి ఘాట్‌లో రన్నింగ్ లేదు, వాకింగే!" బస్సులోవాళ్ళంతా నవ్వారు. తాత అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఎవరి కళ్ళలోనూ ఆయన చిన్నవాడు కాలేదు. దానికోసమే నేను ఒక్కొక్క ముఖమూ వెతికాను.

తిరిగివచ్చి గుర్రాల కొట్టం ముందు ఆగాడు. "ఇంక నీ వంతు," అన్నాడు. లోపల దర్జీ కూతురు గుండీలు కుడుతోంది. ఊళ్ళో మరెవరినైనా అడిగేదాన్నేమో కానీ ఆ పిల్లను అడగడమంటే ప్రాణం పోయినట్టుంది. మా కొట్టం గడపే అయినా, దాటకుండా బయటే నిలబడ్డాను.

"మీ పనిలో ఆ మాట ఏమన్నా ఉండాదా? నాకు తెలీదు," అన్నాను చివరికి.

"ఏం మే, మీ ఇంట్లో లావు పుస్తకం ఉండాది గదా? చెదలు తినేసిందా?" అంది. అని, వెంటనే పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఒక గుడ్డపీలిక నా చేతిలో పెట్టి, సూదిని లోపలికీ పైకీ వరసగా ఎట్లా పోనివ్వాలో చూపించింది. "దీన్ని రన్నింగ్ స్టిచ్ అంటాడు మా నాయన. రేపు తాతకు చెప్దామని దాచి పెట్టుకోనుంటి," అంది. నా వరస వంకరటింకరగా వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టమంది.

గడప దగ్గర నిలబడిన తాత, "ఇది నాకు నిజంగానే తెలీదు," అన్నాడు. పెన్ను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి నేను ఏడ్చాను. ఆ పిల్లంటే మంట ఆ రోజుతో చల్లారిందని చెప్పను. ఆ పిల్ల పెళ్ళై వెళ్ళిపోయేదాకా మేం కలిసే తిరిగాం. ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నాను, ఆమె కుట్టు నాకన్నా బాగుందని కుళ్ళుకుంటూనే నేర్చుకున్నాను.

ఇప్పుడు నా వయసు ఆనాటి తాత వయసు దాటింది. బ్యాంకులో, ఆసుపత్రిలో, చివరికి ఫోను చేతిలో పట్టుకుని మనవరాలి ముందు కూడా, "నాకు తెలీదు, చెప్పు" అనవలసిన రోజులు ఎక్కువయ్యాయి. అనే ముందు ఒక్క క్షణం ఆగి నడుము నిటారు చేసుకుంటాను. తల ఎత్తుతాను. అప్పుడు అడుగుతాను.