తడి గోనెపట్టా

కిష్టమ్మ చేతులు తడి ఆరి ఎరుగవు. గద్వాల బజారులో ఇరవై ఏళ్ళు ఆకుకూరలు అమ్మిన మనిషి. తడి గోనెపట్టా కప్పితే పుంటికూర పొద్దుగూకేదాకా తల వాల్చదని తల్లి దగ్గర నేర్చుకుంది. నీళ్ళు ఎక్కువైతే కూర కుళ్ళుతుంది, తక్కువైతే వాడుతుంది. ఆ పదును ఆమె వేళ్ళకు తెలుసు. చదువుకున్నవాళ్ళు దాన్ని విద్య అనరు. అనకపోతే వాళ్ళ ఖర్మ.

2007లో హైదరాబాదు సూపర్‌మార్కెట్ కంపెనీ ఒకటి గద్వాల శివారులో కూరగాయలు కొనే షెడ్డు తెరిచి, ఆ పదును కోసమే ఆమెను పిలిచింది. మూటలెత్తడానికి, ఊడవడానికి కుర్ర ఆడవాళ్ళున్నారు. నడుం నొప్పి మనిషి కిష్టమ్మకు పట్టాలు తడపడమొక్కటే పని.

మరుసటి వేసవిలో కంపెనీ ప్రతి క్రేటుకూ ఒక రేడియో బిళ్ళ అంటించింది. షెడ్డు గేటుకూ, హైదరాబాదు గోదాము గేటుకూ మిషన్లు బిగించింది. క్రేటు గేటు దాటితే చాలు, మిషన్ కుయ్‌మని లెక్కేసుకుంటుంది. చేత్తో లెక్కపెట్టేవాళ్ళను రెండుచోట్లా ఇంటికి పంపేశారు. మిషన్ అబద్ధం చెప్పదని మేనేజరు జయరాజు పదిసార్లు అన్నాడు. మనుషులు చెబుతారని వేరే అనాలా.

వారం తిరగకముందే లెక్క తేడా వచ్చింది. ఇక్కడ గేటు దాటినవి అరవై, అక్కడ చేరినవి నలభై ఎనిమిది. మర్నాడు నలభై ఐదే. నడుమ ఉన్నది డ్రైవర్ లాల్ అహ్మద్ ఒక్కడు. చాయ్ కోసం దారిలో బీచుపల్లి దగ్గర బండి ఆపుతాడని అందరికీ తెలుసు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు. మిషన్ పట్టింది" అన్నాడు జయరాజు.

చిన్నదానికీ పెద్దదానికీ గొంతు చించుకునే లాల్ అహ్మద్ ఈసారి తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు చేయనివాడు అలా నిలబడతాడా అని షెడ్డంతా నమ్మేసింది.

మంగళవారం బోరు మోటారు కాలిపోయింది. నీళ్ళు లేక పట్టాలు పొడిగానే కప్పి పంపారు. ఆ రోజు అరవైకి అరవై చేరాయి. కిష్టమ్మకు అనుమానమొచ్చింది. ఇక్కడ ఆకుకూరల క్రేట్ల మీద పట్టాలు కప్పేది అవి గేటు దాటి బండెక్కాకే. హైదరాబాదులో మాత్రం పట్టాలతో సహా గేటు దాటిస్తారు. బుధవారం ఎవరూ రాకముందే ఇంటినుంచి తెచ్చిన నీళ్ళతో పట్టా తడిపి ఒక క్రేటు మీద కప్పి గేటులోంచి నెట్టింది. మిషన్ పలకలేదు. పట్టా తీసి నెట్టింది. కుయ్‌మంది.

చెబితే లాల్ అహ్మద్ పరువు దక్కుతుంది, తన పని పోతుంది. రెండు రోజులు నోరు మెదపలేదు. సిగ్గేసింది, అయినా మెదపలేదు.

మోటారు బాగై పట్టాలు తడిసేసరికి క్రేట్ల లెక్క మళ్ళీ తగ్గింది; శుక్రవారం జయరాజు లాల్ అహ్మద్‌ను పనిలోంచి తీసేసి, బండి తాళంచెవి ఇచ్చి పొమ్మన్నాడు. అతను మారుమాట లేకుండా జేబులో చెయ్యి పెట్టాడు. ఇక కిష్టమ్మ ఉండబట్టలేకపోయింది.

"సారూ, జర ఆగుండ్రి. లాల్ భాయ్ ఏం తియ్యలే. నా తడి పట్టా కప్పితే మిషన్‌కు బిళ్ళ కనవడ్తలేదు."

చేసి చూపించింది. జయరాజు నమ్మలేక తానే మూడుసార్లు చేసి చూసుకుని హైదరాబాదుకు ఫోను చేశాడు. రేపటినుంచి తడి పట్టాలు వద్దని జవాబొచ్చింది. తాళంచెవి లాల్ అహ్మద్ దగ్గరే ఉండిపోయింది. కిష్టమ్మతో మాత్రం, "అవసరమైతే పిలుస్తంలే అమ్మా" అన్నాడు జయరాజు.

కిష్టమ్మ తన పట్టా ఒకటి అడిగి తెచ్చుకుంది. లాల్ అహ్మద్ ఆమెను బండిలో ఇంటిదాకా తీసుకొచ్చాడు. వాకిట్లో బండి ఆగినా ఆమె దిగలేదు.

"భాయ్, నాకు బుధవారమే తెలిసె. రెండు దినాలు నిన్ను దొంగను చేసి కూసున్న."

"నాకు అంతకుముందే తెలుసు చెల్లె. హైదరాబాద్ గేటు కాడ పట్టా జారితే మిషన్ మోగింది."

"మరి ఎందుకు చెప్పకపోతివి?"

"డ్రైవర్‌కు ఏ బండైన దొరుకుతది. పట్టాలు తడిపెటోళ్ళను ఎవరు పిలుస్తరు?"

కిష్టమ్మ ఒళ్ళోని పట్టాను పిండుతూ కూర్చుంది. అందులో తడి ఎప్పుడో ఆరిపోయింది.