ఒంటి పోగు

క్వాంటం డాట్ల మీద పరిశోధన చేస్తున్నానంటే, డాట్ అంటే ఏమిట్రా అని అమ్మ అడిగింది. చుక్క అన్నాను. అంతే, నేను నక్షత్రాలు చదువుతున్నానని చీరాలలో మా వీధంతా పాకిపోయింది. సెలవులకు వెళ్తే, మూఢం ఎప్పుడు పోతుందో చెప్పమని పక్కింటి అత్తయ్య వచ్చి కూర్చుంది.

నిజానికి నా చుక్క కంటికి ఆనదు. దానికి అటూ ఇటూ సూపర్‌కండక్టర్లు ఉంటాయి. వాటిలో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి. ఆ జంటలు చుక్కను దాటేటప్పుడు కరెంటు ఎంత, ఎటు పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. పోయినేడాది ఆ కరెంటు ఎదురు పారడం మొదలుపెట్టింది. మూడు వారాలు తల బద్దలుకొట్టుకున్నాను. థీసిస్ గడువు ముంచుకొచ్చింది. చివరికి, తప్పెక్కడుందో తెలియకుండానే ప్రోగ్రాం ఆఖర్న ఒక మైనస్ గుర్తు తగిలించాను. గ్రాఫు బుద్ధిగా దారికొచ్చింది. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు.

అమ్మ పడుగు అతుకుతోంది. మగ్గం మీద అయిపోయిన పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. ముఖం అలా పెట్టావేంటని అడిగితే, కరెంటు ఎదురు పారుతోందని చెప్పాను.

"జంటలే నడుస్తయ్యంటివి. మధ్యలో ఒంటిది కూర్చుందేమో?"

"లేదమ్మా. అక్కడ రెండున్నాయి."

"లెక్కపెట్టావా?"

మగ్గానికి దువ్వెనలా బిగించి ఉన్న అచ్చును అమ్మ వేలితో చూపించింది.

"అచ్చు పళ్ళ సందుకి రెండు పోగులెక్కిస్తాం. ఒక్క సందులో ఒంటిది పడిందంటే గుడ్డ పొడుగునా గీత పడుద్ది. గుడ్డని తిట్టుకుంటే ఏం లాభం? పోగులు లెక్కపెట్టుకోవాల."

నాకు ఒళ్ళు మండింది. ఫిజిక్సు నాకు చెబుతుందా అనుకుంటూనే లాప్‌టాప్ తెరిచాను. ప్రోగ్రాంలో లెక్కపెడితే, చుక్కలో ఉన్నది ఒకటే ఎలక్ట్రాను. ఒంటిది కూర్చుంటే కరెంటు ఎదురు పారుతుందని పుస్తకాల్లో చదివాను, పరీక్షల్లో రాశాను కూడా. మొదట్లో రెండని అంచనా వేసుకుని, మళ్ళీ అటువైపు చూడలేదు. కంప్యూటర్ గట్టిన లెక్క మొదటినుంచీ సరైనదే, నా అంచనాయే తప్పు. మైనస్ చెరిపేశాను.

"ఒంటిదే ఉందమ్మా."

"చూశావా," అని ఇంకో పోగు అందుకుంది.

థీసిస్ పరీక్షకులకు కరెంటు ఎదురు పారే ఆ గ్రాఫే బాగా నచ్చింది. మైనస్ ఉంచేసి ఉంటే వాళ్ళు పట్టుకునేవారో లేదో తెలియదు. పట్టుకోకపోతే బతుకంతా ఆ అబద్ధంతోనే డాక్టరుగారు అనిపించుకునేవాణ్ణి. అమ్మ నన్ను అందులోంచి బయటపడేసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఎందుకురా అంటే మాత్రం ఏం చెప్పను? ఆ మైనస్ సంగతి ఆమెకు తెలియదు.