బంపర్‌కి నిమ్మకాయ, మెడలో మిరపకాయ

2014లో మేం ఆక్లాండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండేవాళ్లం. కారు కొన్న వారానికే మా ఆఫీసువాళ్లందరం ఊరి బయట పాత రేసు కార్ల ప్రదర్శనకి వెళ్లాం. బయల్దేరేముందు మా ఆవిడ బంపర్‌కి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టి, "కొత్త కారండీ, దిష్టి తగులుతుంది. విప్పారో, ఊరుకోను!" అంది.

విప్పకపోతే ఆఫీసువాళ్లు నవ్వుతారు. అందుకే అక్కడి పార్కింగ్‌లో వంగి దారం తెంపుతున్నాను. ఇంతలో ఒక ముసలాయన పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఏదో భాషలో గట్టిగా అరిచాడు. కారు దొంగననుకున్నాడేమోనని బిక్కచచ్చిపోయాను. ఆయన చొక్కా గుండీ విప్పి మెడలో గొలుసు బయటికి లాగాడు. దానికి అచ్చం మిరపకాయలాంటి ఎర్రటి లాకెట్! నాకేం అర్థం కాలేదు.

ఆయనది ఇటలీ అట. ఇరవై ఏళ్లు రేసుల్లో స్పోర్ట్స్ కార్లు నడిపాడట. ప్రదర్శనకి అతిథిగా వచ్చాడు.

"దిష్టి తగలకూడదని మా అమ్మ వేసింది," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

"అయితే మీకెప్పుడూ యాక్సిడెంట్ కాలేదా?"

"ఇది మెడలో ఉండగానే రెండుసార్లు గోడకి గుద్దాను. మర్చిపోయిన రోజు గెలిచాను."

"మరి ఇంకా ఎందుకు వేసుకుంటున్నారు?"

"గెలిచి ఇంటికెళితే, ఇది లేకుండా నడిపానని మా అమ్మ వారం రోజులు మాట్లాడలేదు!"

దిష్టి ఉందో లేదో నాకు ఇప్పటికీ అయోమయమే. ఆ రోజు మాత్రం సగం తెగిన దారానికి మళ్లీ ముడి వేశాను. ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసింది ఆయనే.