సాల్మన్ ముట్టని శనివారం

అలాస్కా పడమటి తీరంలోని ఆ ఊరికి రోడ్డు లేదు. చిన్న విమానంలో వెళ్లాలి. 2009 వేసవి చివర ఒక శనివారం మా పై అధికారితో కలిసి వెళ్లాను.

అప్పట్లో నేను యాంకరేజ్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. తీరంలోని పల్లెల వాళ్లు తాము పట్టిన చేపల ముక్కలు మాకు పంపేవారు. వాటిలో పాదరసం ఎంత ఉంది, ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల నుంచో గాలిలో, నీళ్లలో కొట్టుకొచ్చిన రసాయనాలు ఎంత ఉన్నాయి అని కొలిచేవాళ్లం. ఆ ఊరి ఫలితాలు చెప్పడానికి వెళ్లాం. బడి హాలులో నేనే మాట్లాడాను. పెద్ద హాలిబట్ చేపను గర్భిణులు తగ్గించాలి. సాల్మన్‌ను మాత్రం అందరూ నిశ్చింతగా తినొచ్చు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆవిడ మనవరాలు ఆరు నెలల గర్భిణి. ఊళ్లోకి మమ్మల్ని తీసుకొచ్చింది ఆ అమ్మాయే. పెద్దావిడ తానే పొగబెట్టి ఆరబెట్టిన సాల్మన్ నా ముందు పెట్టింది. మా అధికారి రెండు ముక్కలు తిన్నాడు.

నాకు ఆ వాసన తెలుసు. కాకినాడలో మా వంటింటి వాసన అది. అమెరికా వచ్చిన కొత్తలో న్యూజెర్సీ అపార్ట్‌మెంట్‌లో ఎండు చేపలు వేయించినందుకు పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత ఇంట్లోకి ఎండు చేప రానివ్వలేదు. వేళ్లకు, కోటుకు ఆ వాసన పట్టించుకుని మా అధికారి పక్కన విమానంలో కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది.

“ఇవాళ శనివారం. మా ఇళ్లలో శనివారం నీచు ముట్టుకోం” అన్నాను.

“మా చర్చిలోనూ ఉపవాసాలున్నాయిలే” అని పెద్దావిడ ఆ ముక్కలు కవర్లో చుట్టి ఇచ్చింది. “రేపు తిను.”

విమానం కోసం ఎదురుచూస్తూ, ఆకలేసి, బ్యాగులోంచి చికెన్ శాండ్‌విచ్ తీశాను. సగం తిన్నాక ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. బడిలో మరచిపోయిన నా ఫైలు తెచ్చింది. ఫైలు ఇచ్చి, నా చేతిలోని శాండ్‌విచ్ చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మా అమ్మ అప్పుడు మా దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చి ఉంది. ఇంటికెళ్లి కవరు విప్పగానే ఆమె మొహం వికసించింది.

“ఏవే, ఇంత మంచి చేప పెడితే అక్కడే తినకుండా మూటగట్టుకొచ్చావా?”

“శనివారం అని చెప్పానమ్మా.”

“నువ్వా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క శనివారం ఉన్నావటే? ఆ ఏడుకొండలవాడికి తెలిస్తే నవ్విపోతాడు.” అన్నంలోకి ఒక ముక్క నంజుకుని, “మనదే. ఉప్పు కాస్త తక్కువ” అంది.

రెండు నెలల తర్వాత ఆ ఊరి నర్సు ల్యాబ్‌కు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి చేప పూర్తిగా మానేసిందట. డబ్బా మాంసం, నూడుల్స్ తింటోందట. ఆమెను చూసి మరో ఇద్దరు గర్భిణులూ మానేశారట. “ల్యాబ్ ఆవిడ తిననిది మేమెందుకు తినాలి అంటున్నారు. మీరేమైనా దాస్తున్నారా?”

దాచింది చేపలో లేదు. కానీ ఆ మాట అనలేకపోయాను. “ఫలితాల కాగితం మళ్లీ పంపిస్తాను” అన్నాను. పంపించాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

“కాగితం ఏం చేసుకుంటుందే ఆ పిల్ల? ఫోన్ చేసి, వాసనకి సిగ్గుపడి తినలేదు తల్లీ, అను.”

“నేను సైంటిస్ట్‌నమ్మా. అలా చెప్తే ఏం బాగుంటుంది?”

“కడుపుతో ఉన్న పిల్ల తిండి మానేస్తే బాగుందా?” అంది. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేను ఫోన్ చేయలేదు. అమ్మ కాకినాడ వెళ్లిపోయింది. మరుసటి ఏడు పోయింది. నేను వెళ్లేసరికి దహనం అయిపోయింది.

కర్మకాండలు ముగించుకుని తిరిగొచ్చిన వారంలో నర్సును నంబరు అడిగి ఫోన్ చేశాను. అమ్మ కోసం చేశానని చెప్పుకోవచ్చు. నిజానికి ఇక నా సిగ్గు చూసేవాళ్లు ఎవరూ లేరనిపించాక గానీ చేయలేకపోయాను. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. జరిగింది చెప్పాను. శనివారం అబద్ధమన్నాను. చేపలో ఏమీ లేదని, ఆ వాసన నా ఒంటికి అంటుతుందని తినలేదని చెప్పాను. వెనక ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది.

“అంతేనా?” అంది.

“అంతే.”

“ఆ చలికాలమంతా అమ్మమ్మ నా కోసం రోజూ కంచంలో చేప పెట్టేది. నేను తోసేసేదాన్ని. తన చేతిలో ఏం తప్పుందో అని వండడమే మానేసింది.”

క్షమించమని అడిగాను.

“ఉండండి, అమ్మమ్మని పిలుస్తాను. ఆవిడకి మీరే చెప్పండి” అని ఫోన్ పక్కన పెట్టింది.