గని బిళ్ళ

కెంటకీ కొండల్లోని ఆ ఆసుపత్రిలో రోగుల చివరి కోరికలు ముందే అడిగి తెలుసుకునేది పాస్టరమ్మ వెర్నా. ఎంతటి మొండివాళ్ళ చేతనైనా నోరు విప్పించిన మనిషి. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన ఆర్విల్ మాత్రం ఆమెకూ తేలిగ్గా లొంగలేదు.

"ఊపిరాడకపోతే మిషన్ పెట్టమంటావా, లేదా? చెప్పవయ్యా!"

ఆర్విల్ దిండు కింద నుంచి ఇత్తడి బిళ్ళ తీశాడు. "లోపల ఎవరున్నారో తెలియాలని గనిలోకి దిగేముందు దీన్ని బోర్డుకు తగిలించేవాళ్ళం. పైకొచ్చాక తీసుకునేవాళ్ళం. నేను పైకొచ్చేశాను, పాస్టరమ్మా. మిషన్ పెట్టి మళ్ళీ దింపొద్దని మా డెల్ఫియాకు చెప్పు."

"నీ కూతురికి చెప్పడానికి నేనెందుకు? నువ్వే చెప్పు."

"దాని ఏడుపు చూడలేను."

"చూడాల్సిందే."

వెర్నా డెల్ఫియాను పిలిచి పక్కన కూర్చోబెట్టింది. తండ్రి చెప్పాడు, కూతురు ఏడ్చింది. బిళ్ళ ఆమె చేతికొచ్చింది.

చలికాలంలో ఆర్విల్ స్పృహ తప్పాడు. మిషన్ పెట్టాలా అని డాక్టరు అడిగాడు. డెల్ఫియా గుప్పిట విప్పి బిళ్ళ చూపింది.

"వద్దు. మా నాన్న పైకొచ్చేశాడు."

అందరి చేతా మాట్లాడించిన వెర్నా, బిళ్ళ ఉన్న ఆ పిల్ల గుప్పిటను మళ్ళీ మూసి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.